తొక్క మీద కాదండీ!

కుడికాలికి ప్లేటు పడింది. ముప్పై మూడేళ్ల అంబాసిడర్ షెడ్డులో పడింది. స్టీరింగ్ వదిలి వెనక సీట్లోకి మారిన ఒక రావులపాలెం వాసి పదకొండు వారాల ముచ్చట.

రావులపాలెంలో కాలు విరిగిందని తెలిస్తే ఎవరూ ఎక్కడ విరిగిందని అడగరు, ఎన్ని ముక్కలైందనీ అడగరు. "తొక్కేనాండీ?" అంటారు.

అనరా మరి? అరటి మార్కెట్‌తో పేరు తెచ్చుకున్న ఊరు. తెల్లారకముందే లంకల నుంచి సైకిళ్లు బయల్దేరతాయి. ఒక్కో సైకిలుకి అటు రెండు, ఇటు రెండు, వెనక క్యారేజీ మీద ఇంకోటి. తొక్కేవాడు కనపడడు, గెలలే గట్టు మీద నడిచొస్తున్నట్టుంటుంది. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, బొంత. యార్డులో వరసలు కట్టి నిలబడి, బేరాలయ్యాక లారీలెక్కి హైవే పట్టి పొరుగు రాష్ట్రాలకి పోతాయి. అలాంటి ఊళ్లో జారిపడ్డవాడు పాచి మీద జారానంటే నమ్మేదెవరు?

కానీ నేను జారింది పాచి మీదే. నిమజ్జనం రోజు, కాలవ రేవు, పై నుంచి మూడో మెట్టు. విగ్రహాన్ని నలుగురు కుర్రాళ్లు పట్టుకున్నారు. ఊరికే చూస్తూ నిలబడితే బాగుండదని, పెద్దరికం కొద్దీ నేనూ ఓ చెయ్యేశాను. కుడి పాదం ఒక దిక్కుకి పోయింది, ఒళ్లు ఇంకో దిక్కుకి పోయింది. డప్పుల మోతలో కూడా 'టక్'మన్న చప్పుడు నాకొక్కడికీ వినపడింది. వినాయకుడు నీళ్లలోకి, నేను మెట్ల మీదకి. కిందికి చూసుకుంటే నా పాదం నాది కానట్టు పక్కకి తిరిగి ఉంది.

రాజమండ్రి తీసుకెళ్లారు. ఎవరి బండిలో? మా బండిలోనే. మేనల్లుడు నడిపాడు. నేను వెనక సీట్లో అడ్డంగా, కాలు మా ఆవిడ ఒళ్లో. 1991లో నాన్న కొన్న అంబాసిడర్ అది. నోవా మోడల్, డీజిల్, ఏపీ 5 రిజిస్ట్రేషన్. అప్పట్నుంచీ స్టీరింగ్ నాదే. ఇన్నేళ్లలో దాని వెనక సీట్లో నేను కూర్చోవడం అదే మొదలు. నొప్పికి కళ్లు మూసుకోలేక పైకప్పు చూస్తూ పడుకున్నాను. కప్పు గుడ్డకి పెన్సిలు పొడిచిన చిల్లులు ఏడు. మా అమ్మాయి చిన్నప్పటి పని. సీటు కింద ఒక స్ప్రింగు లేచి వీపులో గుచ్చుకుంటోంది. ఎంతమందిని ఈ సీట్లో కూర్చోబెట్టి తిప్పానో, ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. జొన్నాడ వంతెన మీద అతుకు అతుక్కీ 'డబ్' 'డబ్'మంటుంటే అన్నీ లెక్కపెట్టాను. ముందు సీట్లో ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

చీలమండ రెండువైపులా విరిగింది. బయటివైపు ప్లేటు, లోపలివైపు స్క్రూలు. ఆపరేషన్ అయిన మర్నాడు రౌండ్లకి వచ్చిన డాక్టరుగారిని నేనడిగిన మొదటి ప్రశ్న ఇది: "కారు ఎప్పుడు నడపొచ్చండీ?"

ఆయన ఫైలు లోంచి తలెత్తకుండానే, "ముందు నడవండి. తర్వాత నడుపుదురుగాని" అన్నారు.

నడవడానికీ నడపడానికీ ఒక్క అక్షరమే తేడా. ఆ 'వ' నుంచి ఆ 'ప'కి చేరడానికి నాకు పదకొండు వారాలు పట్టింది.

బండి తీయడమంటే

అంబాసిడర్ గురించి తెలియనివాళ్లు ఈ పేపరు చదివేవాళ్లలో ఉండరనుకుంటాను. అయినా ఇప్పటి పిల్లల కోసం నాలుగు ముక్కలు. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా తెచ్చుకుని, 1950ల చివర్లో కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా ఆకారం పెద్దగా మారలేదు. 2017లో ఆ పేరుని ఫ్రాన్స్ పెజో కంపెనీ 80 కోట్లకి కొనుక్కుంది. ఒట్టి పేరుకి ఎనభై కోట్లు! మా బండికి పాతసామాన్ల వాడు చెప్పిన రేటు ఇక్కడ రాయను.

ఢిల్లీలో ఒకప్పుడు అది మంత్రుల కారు. మా డెల్టాలో పెళ్లికొడుకు కారు, పురుడు కారు, శవం కారు. చదునైన రోడ్డు మీద దాని గొప్ప తెలీదు. వర్షాకాలం లంక గట్టు మీద, గోతుల్లో, ఎనిమిది మందినీ రెండు బియ్యం బస్తాలనీ వేసుకుని వెళ్లినప్పుడు తెలుస్తుంది. ముందు సీటు బల్లలాగా ఒకటే. గేరు రాడ్డు స్టీరింగ్‌కి అంటుకుని ఎడమచేతి కింద ఉంటుంది కాబట్టి మధ్యలో కూడా ఒకర్ని ఇరికించొచ్చు. ఆ మధ్యలో కూర్చున్నవాడి మోకాలు మాత్రం గేరు మార్చిన ప్రతిసారీ దెబ్బ తినేది.

108 అంబులెన్సులు మన రాష్ట్రంలో మొదలైంది 2005 ఆగస్టు 15న. అప్పటిదాకా మా వీధికి అంబులెన్సు మా బండే. అర్ధరాత్రి గేటు చప్పుడైతే మా ఆవిడ ముందు తాళాలు తెచ్చేది, తర్వాత ఎవరని అడిగేది. "బాబాయ్, ఒకసారి బండి తీస్తావా?" ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో. కాకినాడ పెద్దాసుపత్రికి, రాజమండ్రికి, అమలాపురానికి, ఒకసారి ఏకంగా విశాఖ కేజీహెచ్‌కి. ఇద్దరు పిల్లలు మా వెనక సీట్లోనే పుట్టారు. వాళ్లలో ఒకడు ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. వచ్చినప్పుడల్లా తన అమెరికన్ కొలీగుకి వీడియో కాల్‌లో "నేను పుట్టిన చోటు" అని ఆ సీటు చూపిస్తాడు.

బండి నడపడం రావడం, ఊళ్లో నాకున్న ఉద్యోగం లాంటిదన్నమాట. జీతం లేదు, సెలవూ లేదు. సెలవు ఇలా వస్తుందనుకోలేదు.

నల్లేరు పచ్చడి, పుత్తూరు కట్టు

మంచం మీద పడ్డవాడికి సలహా ఇవ్వడం మన జిల్లాల్లో పరామర్శలో భాగం. మొదటి వారంలో వచ్చినవాళ్లు తెచ్చిన అరటి గెలలు వరండాలో దండెం కట్టి వేలాడదీశాం. పండినవి పండినట్టు వీధిలో పిల్లలకి పంచినా తరగలేదు. ఒకావిడ నల్లేరు కాడలు తెచ్చి, నారతీసి పచ్చడి ఎలా చేయాలో మా ఆవిడకి పీట వేసుకుని మరీ చెప్పింది. ఇంకొకాయన మేక కాళ్ల సూపు ఆపకూడదన్నాడు. మా పెదనాన్నగారి అబ్బాయి అయితే, "కోయించుకోకుండా పుత్తూరు వెళ్లాల్సింది అన్నయ్యా" అని ఇప్పటికీ బాధపడుతున్నాడు.

పుత్తూరు కట్టుని నేను తీసిపారేయను. ఒకప్పటి చిత్తూరు జిల్లాలో ఒక కుటుంబం తరతరాలుగా వెదురు బద్దలు, ఆకు పసరు, కోడిగుడ్డు సొనతో కడుతూ వచ్చిన కట్టు అది. మద్రాసు నుంచీ బెంగుళూరు నుంచీ కూడా జనం వెళ్లేవారు. మా తాతగారి ముంజేయి అలాంటి కట్టుతోనే అతికింది. కాకపోతే జీవితాంతం కాస్త వంకరగానే ఉండేది. అన్నం కలుపుకోవడానికి ఆ వంకర అడ్డు రాలేదు. చీలమండ వంకర వేరు. ఒంటి బరువంతా మోసే కీలు అది, ఎముకలు చిన్న ఎత్తుపల్లెం లేకుండా కూర్చోకపోతే పదేళ్లలో అరిగిపోతుంది. నా ఎక్స్‌రే చూపించి డాక్టరుగారు ఈ సంగతి చెప్పాక నాకు అనుమానం మిగల్లేదు.

ప్లేటూ స్క్రూలూ అన్నది మరీ పాత విద్యేం కాదు. విరిగిన కాలుని నెలల తరబడి సిమెంటు కట్టులో ఉంచితే ఎముక అతుక్కునేది గానీ కీళ్లు బిగుసుకుపోయేవి. కండ ఎండిపోయేది. 1958లో స్విట్జర్లాండులో మారిస్ ముల్లర్, మరికొందరు సర్జన్లు ఒక సంఘంగా చేరి, ఎముకని లోపల్నుంచి గట్టిగా బిగించి, కీలుని మాత్రం తొందరగా కదిలించాలనే పద్ధతిని ప్రచారం చేశారు. మనవైపు చూస్తే హైదరాబాదు పంజాగుట్టలో నిజాం ట్రస్టు కట్టించిన ఎముకల ఆసుపత్రి 1964లో మొదలైంది. ఇప్పుడు నిమ్స్ అంటున్నది దాన్నే. తిరుపతిలో దేవస్థానం బర్డ్ ఆసుపత్రి 1985లో పెట్టింది. మన పక్క భీమవరంలో పుట్టిన డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావుగారు విశాఖలో ఉంటూ పోలియో పిల్లలకి ఊరూరా శిబిరాలు పెట్టి ఆపరేషన్లు చేశారు. 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు ఆయన చేతి చలవతో నిలబడ్డవాళ్లే. మొదటి వారం వాకర్ పట్టుకుని ఒంటికాలి మీద బాత్రూముకి గెంతుతూ విసుక్కున్నప్పుడల్లా వాళ్లు గుర్తొచ్చేవారు. ఆరు వారాలకి నేనింత గోల చేస్తున్నాను.

గోల చేసిన మాట నిజమే. ఆరు వారాలు కుడిపాదం నేలకి ఆనించకూడదన్నారు. మూడో వారంలో ఒక రాత్రి పదకొండు దాటాక గేటు చప్పుడైంది. ఎదురింటి అబ్బాయి. "బాబాయ్, అమ్మకి గుండెల్లో నొప్పంటోంది, బండి..." అన్నాడు. వరండా లైటు వెలుగులో వాకరు చూశాడు. "అయ్యో, మర్చేపోయాను బాబాయ్" అని, వెనక్కి తిరిగి పరుగెత్తాడు. 108 వచ్చింది, ఆవిడ బాగానే ఉంది, గ్యాస్ అన్నారు. అదంతా మర్నాడు తెలిసింది. ఆ రాత్రి మాత్రం తాళాల గుత్తి చేతిలో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాను. మా ఆవిడ, పాపం, అలవాటు కొద్దీ తాళాలు తెచ్చి చేతికిచ్చేసింది.

షెడ్డులో ఏం జరుగుతోంది

నిలబెట్టిన బండి పాడైనంత త్వరగా నడిచే బండి పాడవదు. పది రోజులయ్యేసరికి బండి మీద కోడి కూర్చుంది. నేను కిటికీ లోంచి చూస్తున్నాను కాబట్టి తెలుసు. రెండో వారంలో ఎలుక దూరి హారన్ వైరు కొరికింది. బ్యాటరీ సంగతి చెప్పనే అక్కర్లేదు. పాత డీజిల్ ఇంజనుకి తాళం తిప్పగానే స్టార్టవడం తెలీదు. ముందు సిలిండర్లలో హీటర్ ప్లగ్గులు వేడెక్కాలి. మా భాషలో "పొయ్యి రాజేయాలి". ఆ వేడికి బ్యాటరీ బలంగా ఉండాలి. వారానికోసారైనా ఎవరో ఒకరు స్టార్ట్ చేసి, పావుగంట తిప్పి తీసుకురావాలి.

మేనల్లుడు ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఈ తరం కుర్రాళ్లకి హ్యాండ్ గేరు రాదు. ఒకడు వచ్చి, స్టీరింగ్ పక్కన రాడ్డు చూసి, "ఇది వైపరాండీ?" అన్నాడు. వాణ్ణి గౌరవంగా పంపేశాం.

డల్లాస్‌లోనే ఉన్న మా అబ్బాయి దగ్గర్నుంచి ఫోను: "అమ్మేద్దాం నాన్నా. ఆటోమేటిక్ కొనిస్తాను. ఎడమకాలితో పనే ఉండదు."

"విరిగింది కుడికాలు రా."

కాసేపు లైన్లో మాట లేదు. ఆటోమేటిక్‌లో మిగిలేదే కుడికాలి పని. ఎడమకాలు విరిగినవాడు ఆ బండిలో కొంచెం ముందే రోడ్డెక్కొచ్చు. కుడికాలు విరిగినవాడికి ఏ బండైనా ఒకటే. అయినా అమ్మే విషయం వాడికి కొత్త కాదు. పదిహేనేళ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి తిప్పించుకోవాలి, 2022 ఏప్రిల్ నుంచి ఆరు వందల ఫీజు అయిదు వేలైంది. అప్పట్నుంచే వాడు ఈ పాట ఎత్తుకున్నాడు.

చివరికి దిగింది మా అమ్మాయి. రాజమండ్రిలో ఉద్యోగం, శని ఆదివారాలు ఇంటికొస్తుంది. మెకానిక్ మేస్త్రిని పిలిపించాం. డెబ్బై ఏళ్లు. అంబాసిడర్ బాగుచేయడం తెలిసినవాళ్లు మా చుట్టుపక్కల ఇంకా ఉన్నారంటే ఆయనే. బ్రేకు డ్రమ్ములు విప్పి, బిగుసుకుపోయిన సిలిండర్లు ఊడదీసి, రబ్బర్లు మార్చి, అమ్మాయిని కూర్చోబెట్టాడు. "అమ్మాయిగారూ, దీన్ని నడపకూడదండీ, బతిమాలుకోవాలండీ. కొత్త బండ్లలాగా పుల్లతో గీరినట్టు గేరెయ్యకండి. ముద్ద తినిపించినట్టు ఎయ్యాలండీ" అన్నాడు.

వాకర్ పక్కన కుర్చీ వేసుకుని నేను షెడ్డు ముందు కూర్చున్నాను. అది గేరేస్తుంటే బండి కరకరమంది. నా పళ్లు కూడా. "నాన్నా, మీరు లోపలికి వెళ్లండి" అంది. వెళ్లలేదు. నాలుగోసారికి పడింది మొదటి గేరు. బండి ముందుకి దూకి, గేటు దగ్గర ఆగి, కన్నుమూసింది. మేస్త్రి చప్పట్లు కొట్టాడు.

అయిదున్నర మీటర్లు

ఇంట్లో ఎవరికైనా కాలి ఆపరేషన్ అయితే కత్తిరించుకుని దాచుకోవాల్సిన భాగం ఇదొక్కటే.

మన దగ్గర "బండెప్పుడు నడపొచ్చు" అనే ప్రశ్నని పక్కింటివాణ్ణి, బావమరిదిని, మెడికల్ షాపు వాణ్ణి, అందర్నీ అడుగుతాం. అడగాల్సింది పాదాన్ని. చట్టం వారాలు లెక్కగట్టి చెప్పదు. మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ శారీరకంగా తగని స్థితిలో ఉండి బండి నడపడం నేరమంటుంది, అంతే. ఆ స్థితి ఎప్పుడు తీరిందన్నది నీకూ నీ డాక్టరుకీ వదిలేసింది.

న్యూయార్కులో కొందరు ఎముకల సర్జన్లు ఈ లెక్క తేల్చడానికి ఒక పరీక్ష పెట్టారు. కుడి చీలమండ విరిగి ఆపరేషన్ అయినవాళ్లని కారు లాంటి యంత్రంలో కూర్చోబెట్టి, ఉన్నట్టుండి బ్రేకు వేయించి, ఎంతసేపు పట్టిందో కొలిచారు. 2003లో ప్రచురించారు. ఆరో వారంలో ఆలస్యంగానే ఉంది. తొమ్మిదో వారానికి మామూలు మనుషులతో సమానమైంది. నన్ను ఆపిన సంగతి ఇంకొకటుంది. రోగి తనకెంత బాగుందని చెప్పుకున్నాడో దానికీ, బ్రేకు పడిన వేగానికీ పొంతన కనపడలేదు. నొప్పి తగ్గినంత మాత్రాన కాలికి చురుకు వచ్చినట్టు కాదు.

ఇప్పుడు మన హైవే లెక్క వేద్దాం. రావులపాలెం మీదుగా పోయే పదహారో నంబరు రహదారి మీద గంటకి ఎనభై కిలోమీటర్లలో పోతుంటే, సెకనుకి ఇరవై రెండు మీటర్లు. కాలు పావు సెకను తటపటాయిస్తే బండి అయిదున్నర మీటర్లు ముందుకి పోతుంది. మా అంబాసిడర్ పొడవు నాలుగుంపావు మీటర్ల పైచిలుకు. అంటే ఒక అంబాసిడర్‌నీ, దాని ముందు సగానికి పైగా సైకిల్నీ దాటి ఆగుతాం. మా బండికి ఏబీఎస్ లేదు, బ్రేకు పెడలు కూడా ఇప్పటి కార్లలా మెత్తగా దిగదు, తొక్కాలి. ఆ సైకిలు మీద గెలలుంటాయి. గెలల వెనక ఒక మనిషి ఉంటాడు. మొదట్లో చెప్పాను కదా, కనపడడని.

ఆరు వారాలయ్యాక ఫిజియో కుర్రాడు ఇంటికి రావడం మొదలుపెట్టాడు. మొదటి రోజు టేపు పెట్టి పిక్క చుట్టుకొలత తీశాడు. ఎడమ పిక్క కన్నా కుడిది రెండున్నర సెంటీమీటర్లు తక్కువ. "అంకుల్, ఇంత కండ ఎక్కడికి పోయిందో?" అన్నాడు. నల్లేరు పచ్చడిలోకి మాత్రం పోలేదు.

రెండో రోజు తన బ్యాగులోంచి బరువు తూచే మిషను తీశాడు, బాత్రూముల్లో పెట్టుకునే రకం. గోడకి నిలువుగా ఆనించి, నన్ను నేల మీద కూర్చోబెట్టి, కుడిపాదంతో నొక్కమన్నాడు. పళ్లు బిగించి నొక్కాను. ముల్లు వణికి తొమ్మిది దగ్గర ఆగింది. తొమ్మిది కిలోలు. చిన్న చక్కెరకేళి గెల బరువు లేదు. ఎడమకాలితో నొక్కితే నలభై దాటింది. ఆ రోజు నుంచి ఆ ముల్లే నాకు స్పీడోమీటరు. పన్నెండు, పద్దెనిమిది, పద్దెనిమిది, పద్దెనిమిది... అక్కడ వారం రోజులు కదలకుండా నిలిచిపోయింది. ఒకరోజు నేను మిషను పాడైందన్నాను. కుర్రాడు దాన్ని తీసి మా ఆవిణ్ణి నిలబెట్టి చూశాడు. మిషను బాగానే ఉంది. ఆ అంకె కూడా ఇక్కడ రాయను.

కార్తీక సోమవారం

మా ఇంట్లో కార్తీకమాసం అంటే అంబాసిడర్ మాసం. సోమవారం తెల్లవారుజామున బయల్దేరితే ద్రాక్షారామం, సామర్లకోట, అటు తిరిగితే పాలకొల్లు, భీమవరం. పంచారామాల్లో నాలుగు మన చేతికందేవే. అయిదోది అమరావతికి మాత్రం ఏ రెండేళ్లకోసారో. ఆర్టీసీ వాళ్లు ప్రత్యేక బస్సులు వేస్తారు, వాటిలో వెళ్లొచ్చు. నేను ఒకసారి కాంప్లెక్సులో పల్లెవెలుగు బస్సు మెట్టు ముందు వాకరుతో నిలబడి చూశాను. ఆ మెట్టు నా మోకాలి ఎత్తుంది. కండక్టరు దిగొచ్చి చెయ్యందించాడు, వెనక ఇద్దరు తోశారు, ఎక్కాను. అందరూ మంచివాళ్లే. కానీ ప్రతి ప్రయాణానికీ నలుగురు మంచివాళ్లు కావాలంటే కష్టం.

రెండో సోమవారం మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. "ద్రాక్షారామం వెళ్దాం. నేను నడుపుతా. మీరు మాట్లాడకూడదు" అంది. ఒప్పుకున్నాను. చలిలో పొయ్యి రాజేసింది. రెండోసారికి ఇంజను అందుకుంది. నేను ముందు సీట్లో ఎడమవైపు, మా ఆవిడ, ఎదురింటావిడ, ఆవిడ చెల్లెలు వెనక. ఎదురింటావిడ గుండె నొప్పి సంగతి చెబుతూ, "ఆ రోజు నువ్వు రాలేకపోయావని మావాడు ఎంత బాధపడ్డాడో" అంది. ఆవిడ ఓదారుస్తోందో దెప్పుతోందో తేలలేదు. రెండూ అయ్యుంటాయి.

జొన్నాడ వంతెన మీద మంచు. గౌతమి కనపడలేదు, నీళ్ల వాసన మాత్రం వచ్చింది. ముందు ఒక ఇసుక లారీ, దాని వెనక లైటు ఒకటే వెలుగుతోంది. నా కుడికాలు తనంతట తాను నేలని నొక్కింది. అక్కడ పెడలు లేదు, చాపే ఉంది. అమ్మాయి బ్రేకు వేసేలోపు నేను వేసేశాను. ఆలమూరు దాకా అంతే, మండపేట దాటాక కూడా అంతే. సైకిలొస్తే నొక్కు, గేదె అడ్డొస్తే నొక్కు, ఊరికే అనుమానమొస్తే నొక్కు. రామచంద్రపురం చేరేసరికి పాదం సలపడం మొదలైంది. ఫిజియో కుర్రాడు కాగితం మీద రోజుకి ముప్పైసార్లని రాసిచ్చాడు, నేను మూడు వందలు చేసి ఉంటాను.

గుడి దగ్గర దిగాక అమ్మాయి నవ్వి, "నాన్నా, నాకన్నా మీరే ఎక్కువ బ్రేకులు వేశారు" అంది. "మాట్లాడొద్దన్నావు కదా" అన్నాను.

దాని డ్రైవింగ్ గురించి ఒక మాట చెప్పాలి. నాకన్నా నిదానం. వంతెన మీద నేనైతే ఆ లారీని దాటేవాణ్ణి. ముప్పై మూడేళ్లలో ఆ వంతెన మీద దాటకూడని చోట ఎన్ని లారీల్ని దాటానో, పక్క సీట్లో కూర్చుని చూస్తేగానీ తెలియలేదు. అయితే అది గుంటల్లో క్లచ్చు నొక్కి పట్టుకుంటుంది. ఆ అలవాటు మాన్పించాలి.

తొమ్మిదో వారం దాటాక మళ్లీ రాజమండ్రి. ఎక్స్‌రే చూసి డాక్టరుగారు ఎముక అతికిందన్నారు. నా ప్రశ్న నేను అడిగాను. ఈసారి ఆయన తలెత్తారు. కుర్చీ జరిపి, అరచేయి నా పాదం కింద పెట్టి, "నా చెయ్యి వెనక్కి తొయ్యండి" అన్నారు. తోశాను. "మళ్లీ. గట్టిగా. ఒక్కసారిగా." ఆయన చెయ్యి వెనక్కి పోయింది. "ముందు ఇంజను ఆపి కూర్చుని నేర్చుకోండి. రెండు వారాలు. తర్వాత ఖాళీ రోడ్డు. హైవే ఇప్పుడే కాదు."

షెడ్డులోనే మొదలుపెట్టాం. నేను స్టీరింగ్ ముందు, అమ్మాయి బానెట్ ముందు ఎర్ర తువ్వాలు పట్టుకుని. దానిష్టం వచ్చినప్పుడు తువ్వాలు వదిలేస్తుంది. అది నేలకి చేరేలోపు నా కాలు యాక్సిలేటర్ మీంచి లేచి బ్రేకు తొక్కాలి. మొదటి రోజు పాదం పెడలు అంచుకి తగిలి జారింది. రెండో రోజు పెడలు దొరికింది గానీ తువ్వాలు ముందే కింద పడింది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేవారు. "ఏంటండీ, కోడిపందేలకి తయారీనా?" అన్నాడొకాయన. గోడ మీద మిషను ముల్లు ముప్పై నాలుగు దాటిన రోజున మూడుసార్లు తువ్వాల్ని గెలిచాను.

పదకొండో వారం, ఆదివారం, తెల్లవారుజామున అయిదున్నర. ఇంట్లో ఎవరూ లేవలేదని నేననుకున్నాను. మా ఆవిడ తాళాలు తెచ్చి చేతిలో పెట్టి, తను కూడా ఎక్కి కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. లొల్ల వైపు కాలవ గట్టు రోడ్డు పట్టాను. లైట్లు వేసి, రెండో గేరులో, ఎద్దుబండి వేగంలో. క్లచ్చు, గేరు, క్లచ్చు. చేతులు ఏదీ మర్చిపోలేదు. కాలే కొత్తగా ఉంది, అద్దెకి తెచ్చుకున్నట్టు.

మలుపు దగ్గర కొబ్బరి చెట్ల వెనక నుంచి గెలలు రోడ్డు మీదకి వచ్చాయి.

కాలు లేచింది, పడింది. పెడలు దిగింది. బండి గట్టిగా ఒకసారి ముందుకి వంగి ఆగింది. మా ఆవిడ చెయ్యి డాష్‌బోర్డు మీద. గెలలు అటూ ఇటూ ఊగి, ఊగి, సర్దుకున్నాయి. వాటి మధ్య నుంచి ఒక తలపాగా, తర్వాత ఒక మొహం పైకి లేచింది. ఆయన బండిని చూశాడు, లైట్ల వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను చూశాడు.

"ఆయ్, మీరా అండీ! కాలు తగ్గిందాండీ?"

"తగ్గిందండీ."

సైకిలు పక్కకి నడిపించుకుంటూ, మా కిటికీ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"తొక్క మీద జారేరంట కదండీ?"